మా చెలిమెల మీదికొచ్చిన గొట్టాలు

నల్లా తిప్పి వదిలేసి ఫోన్ మాట్లాడే కోడళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ముసలిదానికి నీళ్ల పిచ్చి అని వాళ్లు నవ్వుకుంటారు. నవ్వుకోనీ. ఆ పిచ్చి నాకు మా అమ్మ నుంచి వచ్చింది, అమ్మకు ఒక పొరపాటు వల్ల వచ్చింది.

దొరల వెట్టికి ఎదురు తిరిగిన సంఘం రోజులవి. పెద్దవంగర దగ్గర వాగు ఒడ్డున మా వాడ. ఊళ్లో బావి ఉండేది కానీ దాని చేద మేం ముట్టకూడదు. ఎండాకాలం వస్తే వాగు ఇసుకలో చెలిమెలు తీసుకునేవాళ్లం. మూరెడు లోతు గుంట తీసి కూర్చుంటే నీళ్లు మెల్లగా ఊరతాయి, కొబ్బరి చిప్పతో ముంచి కుండ నింపుకోవాలి. మొదటి చిప్ప నీళ్లు తిరిగి ఇసుకలోనే పోయడం మా ఆడవాళ్ల పద్ధతి. వాగు ఇచ్చినదాంట్లో వాగుకింత. నీళ్ల దగ్గర అబద్ధమాడకూడదన్నది ఇంకో పద్ధతి. ఆడిన మనిషికి ఊట ఎండిపోతుందని అమ్మకు గట్టి నమ్మకం.

ఒక మిట్టమధ్యాహ్నం తెల్ల రుమాలు చుట్టుకున్న పరాయి మనిషి వచ్చి తాగడానికి నీళ్లడిగాడు. అమ్మ బిత్తరపోయింది. "మేం వాడోళ్లం అయ్యా" అని ముందే చెప్పింది. ఆయన వంగి దోసిలి పట్టాడు. మా చేతి నీళ్లు ఎవరూ తాగని కాలం అది. అమ్మ సంతోషం చూడాలి!

"మస్తు తియ్యగున్నయవ్వా. ఎండలు ముదిరినంక గూడ ఉంటయా?" అన్నాడాయన.

"ఉంటయా అంటవేంది? గీ జాగ ఎన్నడు ఎండలె. గా ఒడ్డు నుంచి గీ బండ దాంక కింద అంత ఊటనే" అని అమ్మ చేయి చాచి మరీ చూపించింది.

ఆయన దొర పిలిపించిన ఇంజను మేస్త్రీ అని వారం తర్వాత తెలిసింది. మానుకోట స్టేషన్ నుంచి బండ్ల మీద ఇనుప గొట్టాలు వచ్చి వాగు ఒడ్డున దిగాయి. అమ్మ చూపిన చోటే బావి తవ్వి, ఇంజను పెట్టి, ఆ గొట్టాల గుండా నీళ్లు దొర ఉండే గడీ వెనక బత్తాయి తోటకు తోడతారట. తవ్వాల్సింది మా మగవాళ్లే, అదీ వెట్టికి. ఇంజను పీల్చడం మొదలుపెడితే మా చెలిమెల్లో తడి కూడా మిగలదు.

"నీ నోరు పాడుగాను, మా నోట్ల మన్ను గొడ్తివి గదనే!" అని మా చిన్నమ్మ వాడందరి ముందు అరిచింది. అమ్మ రెండు రోజులు గంజి ముట్టలేదు. నాకప్పుడు తొమ్మిదేళ్లు. చిన్నమ్మ కుండ పగలగొట్టాలన్నంత కోపం వచ్చింది నాకు. మూడో రోజు అమ్మే లేచి ఆమె గుమ్మం ముందు నిలబడింది.

"నేనే జూపిచ్చిన, నేనే అడ్డం గూసుంట. నువ్వు గూడ రా" అంది.

మగవాళ్లు వెట్టికి రామని చెప్పేశారు. సంఘం వచ్చాకే వాళ్లకు ఆ మాట అనే ధైర్యం వచ్చింది. ఆడవాళ్లం పొద్దు పొడవగానే ఎవరి చెలిమె దగ్గర వాళ్లం కుండలు పెట్టుకుని కూర్చున్నాం. ఒకరు లేస్తే ఇంకొకరు. గడీ మనుషులు పక్క ఊరి కూలీలను వెంటబెట్టుకుని వచ్చారు. మమ్మల్ని లేపాలంటే రెక్క పట్టి లాగాలి. లాగాలంటే ముట్టుకోవాలి! ముట్టుకుంటే మైల. కర్ర ఎత్తుదామంటే సంఘం భయం. ఒడ్డున నిలబడి నోటికొచ్చినట్టు తిట్టి, సాయంత్రానికి వెళ్లిపోయేవాళ్లు. ఎన్నో తరాలు మమ్మల్ని దూరం పెట్టిన మైలే ఆ నాలుగు రోజులు మాకు కంచె అయింది. ఇప్పటికీ తలుచుకుంటే నవ్వాగదు నాకు.

ఐదో రోజు దొరే వచ్చాడు, వెంట మేస్త్రీ. అమ్మ లేవలేదు. చిప్ప ముంచి మేస్త్రీ వైపు చాపింది.

"తాగు అయ్యా. తాగినంక తవ్వు" అంది.

దొర ముందర ఆయన తాగలేదు. తల దించుకుని, గునపం తీసుకుని, ఇసుకలో అక్కడా ఇక్కడా పొడిచి చూశాడు. చాలాసేపటికి దొర వైపు తిరిగాడు.

"ఫాయిదా లేదు దొరా. కింద బండ తగుల్తున్నది. ఊట పైపైననే ఉన్నది, ఇంజను గంట గూడ నడువది."

బండ ఎక్కడుందో, ఊట ఎంతుందో మా వాడలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. దొర అమ్మ వైపు చూశాడు.

"నిజమేనానె?"

అమ్మ చేతిలో చిప్ప అలాగే ఉంది. నీళ్ల దగ్గర అబద్ధమాడదు. నిజం చెబితే వాడ ఎండుతుంది. నేను కళ్లు మూసుకున్నాను.

"ఇంజను ముచ్చట నాకేం ఎరుక దొరా? నాకు చిప్ప ముచ్చటనే ఎరుక" అంది అమ్మ.

దొర మేస్త్రీని నాలుగు తిట్టి వెళ్లిపోయాడు. గొట్టాలు మళ్లీ బండ్లెక్కాయి. ఆ ఎండాకాలం మా చెలిమెలు ఒక్కటీ ఎండలేదు. చిన్నమ్మ వచ్చి అమ్మ కుండ తన నెత్తి మీద మోసుకుని ఇంటిదాకా తెచ్చింది.

మరునాటి నుంచి అమ్మ మొదటి చిప్పతో పాటు రెండో చిప్ప కూడా ఇసుకలో పోయసాగింది. నీళ్లు ఊరడానికే అంతసేపు పడుతుంటే ఇదెందుకని నేను విసుక్కున్నాను.

"గిది మేస్త్రీది బిడ్డా. మనకోసం నీళ్ల కాడ అబద్ధమాడిండు. గాయన ఊట ఎండొద్దు" అంది.