సాంచాలు అమ్మించిన పాఠం

కోరుట్లలో జూనియర్ కాలేజీ పిల్లలకు అర్థశాస్త్రం చెబుతాను. క్లాసులో చెప్పినంత కాలం నా పాఠం వల్ల ఎవరికీ నష్టం జరగలేదు. దాన్ని సిరిసిల్ల దాకా మోసుకెళ్లి మా అన్నకు చెప్పడమే నేను చేసిన పాపం.

అన్నకు నాలుగు సాంచాలుండేవి. మరమగ్గాలను మా దగ్గర అలాగే అంటారు. నాన్న కొన్నవి. వాటి మోతలో మాట వినపడదు గనక మా ఇంట్లో పిల్లలందరం పెదాలు చూసి మాట పోల్చుకోవడం నేర్చుకున్నాం. అన్న లంగా గుడ్డ నేసేవాడు. గొప్ప బతుకేమీ కాదు గానీ పొయ్యి ఆరలేదు.

ఒక ఆదివారం భోజనం దగ్గర నేనే మొదలుపెట్టాను. అమెరికాకూ చైనాకూ పడడం లేదన్నాను. ఇన్నాళ్లూ చైనాలో కొన్న బట్టలు అమెరికా వాళ్లు ఇక మన దగ్గర కొంటారనీ, మన దేశం ఎటూ మొగ్గకుండా మధ్యలో నిలబడి ఆ గిరాకీ పట్టబోతోందనీ చెప్పాను. పళ్లెంలో రెండు పచ్చిమిరపకాయలు పెట్టి, వాటి మధ్య ఉప్పు పోసి మరీ చూపించాను. అంత తెలివి నాది.

"మనం నేసే లంగగుడ్డ గాళ్లు కొంటరా?" అన్న అడిగాడు.

"కొనరు. కొత్త మిషన్ పెట్టాలె. వెడల్పు బట్ట, మంచి బట్ట నెయ్యాలె."

"ఇవి నడుస్తనే ఉన్నయి గదా, ఎందుకు తీసుడు?" అంది వదిన. నేను నవ్వాను. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

కొత్త మగ్గానికి షెడ్డులో చోటు లేదు. నాలుగు సాంచాలనూ తుక్కు కింద ఇచ్చేశాడు. తుక్కువాళ్లు సమ్మెటలతో వాటిని పగలగొడుతుంటే అన్న బయటికెళ్లి రోడ్డు మీద నిలబడ్డాడు. కొత్తదాన్ని బిగించే రోజుదాకా పాతవి ఉంచమని చెప్పడం అర్థశాస్త్రం చదివిన నాకు తోచలేదు.

కొత్త మగ్గం చైనాది. అంత తక్కువకు ఇంకెవరూ ఇవ్వరు. అది పెట్టెల్లో వచ్చింది, బిగించే మనిషి మాత్రం రాలేదు. సరిహద్దు గొడవ తర్వాత ఆ దేశపు మెకానిక్కులకు వీసా దొరకడం గగనమైపోయింది. పళ్లెంలో ఉప్పు పోసినప్పుడు ఆ సంగతి నేను చెప్పలేదు. సిరిసిల్ల మెకానిక్ ఒకతను ఫోన్లో వీడియోలు చూసుకుంటూ నెలల తరబడి నట్టు నట్టూ బిగించాడు. మీటల మీదున్న చైనా అక్షరాల పక్కన వదిన తెలుగులో రాసి కాగితం ముక్కలు అంటించింది. ఎట్టకేలకు నడిచింది. అమెరికాకు బట్టలు కుట్టి పంపే తిరుప్పూరు కంపెనీకి పంపిన నమూనా నచ్చిందని కబురు వచ్చింది. ఆ వారమంతా అన్న వచ్చినవాళ్లందరి చేతా ఆ బట్ట ముట్టించి చూపించాడు.

సరిగ్గా అప్పుడే అమెరికా మన సరుకు మీద సుంకం పెంచేసింది. మనం రష్యా దగ్గర చమురు కొంటున్నామని కోపమట. రష్యా చమురుకూ సిరిసిల్ల బట్టకూ ఉన్న సంబంధం నేను క్లాసులో బోర్డు మీద గీసి చూపించగలను. అన్నకు చెప్పడానికి మాత్రం నోరు రాలేదు. తిరుప్పూరు వాళ్లు ఫోన్ చేసి, ఇప్పుడు వద్దన్నారు. మర్యాదగానే అన్నారు. ఆ మగ్గం మీద లంగా గుడ్డ నేస్తే కరెంటు ఖర్చు కూడా రాదు. మగ్గం ఆగిపోయింది.

మొన్న జగిత్యాలలో చుట్టాల పెళ్లికి అన్న వచ్చాడు. భోజనాలయ్యాక నన్ను పక్కకు పిలిచాడు. ముంబయి పక్కనున్న భివండిలో ఎవరి మగ్గాల షెడ్డులోనో కూలికి రమ్మంటున్నారట. యాభై దాటిన మనిషి. నన్ను తిడతాడనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"తమ్మీ, నువ్వు సదువుకున్నోనివి. మిషన్ అమ్మి భివండి పోవాల్నా, ఇంకిన్ని దినాలు ఆగాల్నా? నువ్వెట్ల చెప్తే గట్ల చేస్త."

నాకు తెలియదు. దేశానికే తెలియనిది నాకేం తెలుస్తుంది? ఆ మాటే చెప్పాలి. కానీ ఆయన నా పెదాల వైపే చూస్తున్నాడు.

"మనోళ్లు, అమెరికోళ్లు మళ్ల మాట్లాడుకుంటున్నరట అన్నా. ఆగు" అన్నాను.

అన్న తేలికపడ్డాడు. అక్కడే, నా ముందే, భివండికి ఫోన్ చేసి తాను రావడం లేదని చెప్పేశాడు.