ముందే పెట్టిన కృతజ్ఞతా కూడిక

నేను బడికి వెళ్ళలేదు. మా అమ్మ బైబిలు ఒళ్ళో పెట్టుకుని అక్షరాలు దిద్దించింది. దేవుణ్ణి అడగడం, అడిగిన వెంటనే వందనాలు చెప్పడం, రెండూ ఒకే పాఠంగా నేర్పింది. అందుకే ఇంట్లో ఉప్పు అయిపోయినా నా నోట ముందు వందనమే వస్తుంది.

మా ఆయన ఫిషింగ్ హార్బరులో మరపడవకి ఇంజను డ్రైవరు. ఒక ఏడు నైరుతి వానల్లో వేటకి వెళ్ళిన ఆ పడవ ఇంజను చెడిపోయి గాలికి కొట్టుకుపోయింది. చాలాకాలం ఏ కబురూ లేదు. చివరికి టేకు దుంగలతో పోర్టుకొచ్చిన ఓడలో కళాసీ ఒకడు చెప్పాడు, మా వాళ్ళు ఆరుగురూ బతికే ఉన్నారని, బర్మా జైల్లో ఉన్నారని. బర్మా అంటే మా అత్తకి తెలియలేదు. రంగూనుని మా వైపు రంగం అంటారు; ఆ మాట అన్నాక కూలబడిపోయింది. ఆమె తండ్రి రంగం రేవులో మూటలు మొయ్యడానికి వెళ్ళి తిరిగి రాలేదు.

ఆ చలికాలంలోనే ఎన్నికలొచ్చాయి. కొత్తగా పార్టీ పెట్టిన నాయకుడు వ్యాను మీద ఊరూరా తిరుగుతున్నాడు. హార్బరు గేటు దగ్గర ఆడవాళ్ళు ఆయనకి హారతులు పట్టారు. అత్త జనాన్ని తోసుకెళ్ళి వ్యాను తలుపు పట్టుకుంది.

"నా కొడుకు రంగం జైల్లో ఉన్నాడు బాబూ. తెచ్చియ్యి!"

ఆయన వంగి ఆమె తలమీద చెయ్యి పెట్టాడు. "అమ్మా, నీ కొడుకు నాకు తమ్ముడు. ఏ దేశంలో ఉన్నా తీసుకొస్తాను" అని మైకులోనే అన్నాడు. ఆయన అబద్ధమాడాడని నేను ఇప్పటికీ అనుకోను. అన్నప్పుడు ఆయనా నమ్మే ఉంటాడు.

గెలిచాడు. రేడియోలో ఆ కబురు వింటూనే అత్త, "ఇంకేటే, కూడిక ఎట్టించీ" అంది. మా వాళ్ళలో మేలు జరిగాక ఇరుగుపొరుగుని పిలిచి, పాటలు పాడి, ఆ మేలు నలుగురికీ చెప్పి, ఇంత తినడానికి పెడతారు. అదే కృతజ్ఞతా కూడిక. పాస్టరు గారు వెనకాడారు. "మనిషి వచ్చాక పెట్టుకుందాం అమ్మా" అన్నారు.

"మాటొచ్చీసింది గదండీ. మడిసి రాడేటి?"

అది నాకు అమ్మ చెప్పిన పాఠంలాగే వినబడింది. టీ కాచాను. పక్కింటి పిన్ని బన్ను నములుతూ, "ఓలమ్మ, దేవుడికే అడ్వాన్సు ఇచ్చీసినారేటే!" అంది. అందరం నవ్వాం.

పడవ యజమాని ముసలాయన ఒక్కడే నవ్వలేదు. "పరాయి దేశం జైలంటే డిల్లీవోళ్ళు మాటాడాల. అక్కడున్నది పాత పార్టీయే. ఆల మనిసి ఉన్నాడు గదా ఊర్లో, ఓపాలి ఎల్దాం రండి" అన్నాడు.

పడవని నడిపించే సరంగు భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఏ మొగం ఎట్టుకుని ఎల్తాం బాబూ? మొన్నే గదా ఆల జెండాలు మన గుమ్మాల మీంచి పీకీసినాం."

నిజమే, పీకాం. ఎవరమూ వెళ్ళలేదు.

వేసవి గడిచి వానలు మొదలయ్యాక మా కొత్త ఎమ్మెల్యే మమ్మల్ని హైదరాబాదు తీసుకెళ్ళాడు. నాయకుడు అత్తని గుర్తుపట్టాడు. కుర్చీ వేయించి, ఢిల్లీకి ఇంకోసారి గట్టిగా రాయమని మా ఎదుటే ఆఫీసరుకి చెప్పాడు. ఆ ఆఫీసరు మాతోపాటు వరండాలోకి వచ్చాడు.

"ముందు రాసినవాటికే జవాబు లేదమ్మా. బియ్యం, బడి, రోడ్డు, ఇవి మా చేతిలో ఉన్నాయి. పరాయి దేశంతో మాట్లాడవలసింది ఢిల్లీ. సారు ఇక్కణ్ణించి కేకలేసినకొద్దీ వాళ్ళు అక్కడ బిగుసుకుంటారు."

"మరాపొద్దు మైకులో సెప్పినపుడు ఈ మాట పక్కనుండి ఎవులూ అందీలేదేటి బాబూ?" అంది అత్త.

"అప్పుడాయన పక్కన మేం లేమమ్మా" అన్నాడతను, తల వంచుకుని.

తిరిగొచ్చి, అందరం కలిసి పాత పార్టీ ఆయన గుమ్మం ఎక్కాం. "ఇన్నాళ్ళకి తోవ తెలిసిందేటి?" అని ఒక్క మాట అన్నాడు. అని, పని మాత్రం చేశాడు. ఆయనకి వందనాలు.

మరుసటి ఏడు కలకత్తా నుంచి వచ్చిన రైల్లోంచి అయిదుగురు దిగారు. సరంగు నా ముందుకొచ్చి నిలబడ్డాడు.

"నిరుడు వానల్లో జొరం తగిలింది సెల్లీ. మేవే కడిగినాం, మేవే పూడ్సినాం. సమాది కాడ పాడే పాట మాకు సగవే వొచ్చింది."

నిరుడు వానలంటే, మేం హైదరాబాదు వరండాలో నిలబడ్డ వానలే. పరాయి నేలమీద ఆయన ఒంటిని కడిగిన ఆ చేతులకి వందనాలు చెప్పుకున్నాను. ఇంకేమీ చెప్పుకోలేకపోయాను.

సరంగు భార్య మా మొహాలు చూసి తన ఇంట్లో కూడిక పెట్టకుండా ఉండిపోయింది. పాస్టరు గారు అడిగినా, తర్వాత చూద్దామంది. అత్తే ఒక పొద్దున వాళ్ళ గుమ్మంలోకి వెళ్ళి నిలబడింది.

"మా ఇంట బన్ను తిన్నావు గదే. నీ ఇంట మాకెట్టవేటి? నీ మొగుడు నిజంగానే వొచ్చినాడు."

ఆ ఆదివారం కూడిక జరిగింది. నేను పాడాను, చివరి చరణం దాకా. తర్వాత అన్నాలు పెట్టారు. ఆ నాయకుడు చవగ్గా ఇప్పించిన రేషను బియ్యం. అందరూ వడ్డించుకున్నాక అత్త ఆకులోంచి ఒక మెతుకు తీసి వేళ్ళతో నలిపి చూసింది.

"ఇది మట్టుకు ఇచ్చినాడు" అని, ముద్ద కలుపుకుంది.