నా మూర, మా బావ మూర

ఒక యుద్ధవిమానాన్ని ఎగరకముందే కూల్చిన ఘనత నాది. నవ్వుకోండి, పర్వాలేదు. కాకపోతే ఆ రోజు కూలింది విమానం ఒక్కటే కాదు.

ఎనభైల చివర్లో గద్వాలలో ఒక ప్రైవేటు బడిలో సైన్సు చెప్పేవాణ్ణి. ఆ ఒక్క ఏడాదికే తీసుకున్న టెంపరరీ మాస్టర్ని. నాగర్‌కర్నూల్ సైన్సు ప్రదర్శనలో బడికి పేరొస్తే ఉంచుకుంటానని, లేకుంటే ఇంట్లో మగ్గం ఉండనే ఉంది కదా అని హెడ్మాస్టరు ముందే చెప్పేశారు. ఇక నాకు కుదురెక్కడిది? కూర్చుంటే లేవాలనిపించేది, లేస్తే ఎటు పోవాలో తెలిసేది కాదు.

ఏదో పాత పుస్తకంలో ఒక సంగతి దొరికింది. రెండు మహాయుద్ధాల నడుమ ఒక దేశం పరాయి కంపెనీ దగ్గర లైసెన్సు తీసుకుని, వాళ్ల గీతల ప్రకారం సొంతగడ్డ మీదే యుద్ధవిమానం కట్టుకుందట. ఇంజను మార్చి, రెక్కలు సవరించి, ఏళ్ల తరబడి కుస్తీ పట్టిందట. ఉత్త నమూనా చేసి ఊరుకుంటే నేనెందుకు? లైసెన్సు పద్ధతినీ చూపించాలనుకున్నాను. విమానం ఒళ్లు, ఎడమ రెక్క గద్వాలలో నేను చేయాలి. కుడి రెక్క మా బావ చేయాలి. ఆయన మగ్గం వదిలి వనపర్తిలో కుర్చీలు, బల్లలు చేసుకుంటున్నాడు. తెల్లకాగితం మీద లైసెన్సు రాసి, సంతకం పెట్టి పంపాను: రెక్క పొడవు మూడు మూరలు.

మూర అనడంలో నాకు తప్పేమీ కనిపించలేదు. మా ఇంట్లో ఏది కొలవాలన్నా నాన్నే తన చేత్తో కొలిచేవాడు. ఒక్క చెయ్యే కాబట్టి ఎన్నడూ తేడా రాలేదు. నేనూ బుద్ధిగా మోచేయి ఆనించి నా రెక్క కోసుకున్నాను.

ప్రదర్శన రోజు పొద్దున బావ బస్సు పైన రెక్క వేసుకుని నేరుగా నాగర్‌కర్నూల్‌లో దిగాడు. బిగించాం. కుడి రెక్క జానెడు ఎక్కువ. విమానం అటు ఒరిగి పడుకుంది.

"గిదేంది బావా?" అన్నాను నీరసంగా.

"మూడు మూరలంటివి, మూడు మూరలే చేసిన. నీ చెయ్యి గింత పొట్టిదని నాకేం ఎర్క?"

కోద్దామంటే ఒప్పుకోలేదు. నూలు చీరకు పట్టంచు కలిపే ఇంట్లో పుట్టి, జానెడు అతుకు పెట్టుకోలేవా అన్నాడు. పౌరుషం పొడుచుకొచ్చి అట్టముక్క, జిగురు అందుకున్నాను. జిగురు ఆరకముందే బహుమతులు తేల్చే అధికారి, ఆయన వెనకే మా హెడ్మాస్టరు వచ్చేశారు. ఎడమ రెక్కను చేత్తో అదిమిపట్టి, విమానం గాలిలో మలుపు తిరుగుతోందని వివరించాను.

"చెయ్యి తియ్యి" అన్నారు అధికారి.

తీశాను. విమానం ఒరిగింది. అతుకు ఊడి ఆయన బూటు మీద పడింది.

బావ జేబులోంచి లైసెన్సు తీశాడు. "నా తప్పేం లేదు సార్. కాయితం చూడుండ్రి."

ఆయన చదివి, మా ఇద్దరి చేతులు పక్కపక్కన పెట్టించి, నవ్వాపుకోలేకపోయారు. తర్వాత కుడి రెక్కను వేలితో తట్టి, పనితనం బాగుందని మెచ్చుకున్నారు. నా సంగతి ఎత్తలేదు.

హెడ్మాస్టరు మాట తప్పలేదు. మరుసటి ఏడాదికి ఒక మాస్టర్ని ఉంచుకున్నారు. పిల్లలకు చెక్కపని నేర్పడానికి, మా బావని. నేను మగ్గం గుంటలోకి దిగాను.

అప్పటినుంచి జేబులో టేపు లేకుండా గడప దాటను. ఆ టేపు సాక్షిగా చెబుతున్నాను, ఈ జన్మలో ఇంకెవరికీ లైసెన్సు ఇవ్వను. తప్పనిసరై ఇవ్వాల్సొస్తే, ముందు వాళ్ల చెయ్యి కొలుస్తాను.