గోరీ గూట్లో పెట్టిన చక్కెర

నా దస్తూరి బాగుండదు. మా ఊరి బడిలో ఐదో తరగతితో ఆపేశాను... ఒత్తులు, దీర్ఘాలు తప్పిపోతాయి. ఈ కాగితాన్ని మా మనవరాలు ఫొటో తీసి ఇక్కడ పెడతానంది. చదవడానికి కష్టమైతే మన్నించండి.

మా చిన్నప్పుడు... పెద్దకడుబూరు పక్కన మా పల్లెలో అక్కకు విషజ్వరం వచ్చింది. రెండు వారాలు మంచం దిగలేదు. ఆదోని కొండ కింద దర్గా స్వామికి చక్కెర చదివిస్తానని అమ్మ మొక్కుకుంది. మా వైపు హిందువులమైనా దర్గాకు చక్కెర తీసుకుపోతాం. అక్కడ దర్గాను చూసుకునే ముజావరు ఫాతెహా అనే ప్రార్థన చదివి సగం ఉంచుకుని సగం తిరిగి ఇస్తాడు. అది జబ్బు మనిషికి పెడితే నయమవుతుందని నమ్మకం.

నాయన పత్తి బండితో ఆదోని మార్కెట్టుకు పోతూ నన్నూ ఎక్కించుకున్నాడు. అప్పుడు నాకు తొమ్మిదేళ్ళు, అక్కకు పదమూడు. తూకం దగ్గర నుంచి నాయన కదలడానికి లేదు. పొట్లం నా చేతిలో పెట్టాడు.

"కొండ కింద గుమ్మటం ఉంటాది. యాడని ఎవుర్నన్నా అడుగు, సెప్తారు."

నేను అడగలేదు... కొత్త మనిషిని పలకరించాలంటే నాకు నోరు ఎండిపోయేది. ఇప్పటికీ అంతే. నడుస్తూ పోతే ఒక పెద్ద గుమ్మటం కనపడింది. ఇంత పెద్ద ఇల్లుందంటే పెద్ద స్వామే అయ్యుంటాడు అనుకున్నాను.

లోపల ఒక గోరీ... గబ్బిలాల కంపు... మనిషి లేడు. ముజావరు కోసం నిలబడి నిలబడి కాళ్ళు లాగాయి. నేను ఆలస్యం చేస్తే అక్క చచ్చిపోతుందని భయం. గోరీ తల పక్క గోడలో దీపం పెట్టే గూడు ఉంది. సగం చక్కెర అందులో పోశాను. నాకు మంత్రాలేవీ రావు. చేతులు కట్టుకుని, బడిలో నేర్చిన రెండో ఎక్కం మొత్తం చెప్పి, మిగతా సగంతో పరిగెత్తాను.

అమ్మ దాన్ని నీళ్ళలో కలిపి తాగించింది. మూడోనాడు అక్క లేచి కూర్చుని గంజి అడిగింది.

మరుసటి ఏడు అమ్మ మా ఇద్దరినీ దర్గాకు పిల్చుకుపోయింది. పచ్చ జెండా, ఊదు పొగ, నెమలీకల కట్టతో ముజావరు... నేను పోయింది ఇక్కడికి కాదు! నేను చక్కెర పెట్టింది ఎవరో నవాబు గోరీకి.

"ఈ సామే నిన్ను బతికిచ్చినాడు, మొక్కు" అని అమ్మ అక్కకు చెబుతోంది. నేనూ అక్క పక్కన నిలబడి మొక్కాను.

అప్పటి నుంచి అక్క ఏటా దర్గాకే చక్కెర పట్టుకుపోతుంది. ఆ పొట్లం చూసినప్పుడల్లా నేను పక్కకు తప్పుకునేవాణ్ణి. నయం చేసింది ఒకరు, చక్కెర ఒకరికి...

మొన్న అక్క మనవడు డ్రైవరుతో సహా ఒక కారు మాట్లాడి మా ఇద్దరినీ పంపాడు. ఆదోనిలో నవాబుల గోరీలు, దర్గా, ఆ తర్వాత ఎమ్మిగనూరు నీలకంఠేశ్వరుడి గుడి. "ఇంగ నా మోకాళ్ళు రావప్పా, ఇదే ఆఖరు" అంది అక్క.

ఆ మాటతో నాకు కూర్చోబుద్ధి కాలేదు. అద్దం దించాను... ఎక్కించాను... మళ్ళీ దించాను.

"ఏం తాతా, సీటు కింద సీమలుండాయా?" అన్నాడు డ్రైవరు.

ఎద్దుల బండికి ఒక పూట పట్టిన దారి, నేను మాట వెతుక్కునే లోపలే అయిపోయింది. గోరీల దగ్గర కారు ఆగింది.

"పది నిమిషాలే తాతా. ఆలీశమైతే ఎమ్మిగనూరులో గుడి తలుపులేస్తారు."

అక్క దిగలేదు. "నవాబులతో నాకేం పని? దర్గాకు పోనీప్పా."

కారు తలుపు పట్టుకుని నిలబడి చెప్పేశాను... పొట్లం, గుమ్మటం, గూడు, ఎక్కం... అన్నీ.

అక్క నన్నే చూసింది.

"ఎన్నో ఎక్కం సెప్పినావురా?"

"రెండోది."

"తప్పు ల్యాకుండా సెప్పినావా?"

"రెండు ఏడ్ల కాడ తడబడినా."

"అదీ సంగతి! దానికే జొరం తగ్గినాక నా జుట్టంతా రాలిపాయ!"

డ్రైవరు స్టీరింగు మీద తల పెట్టి నవ్వాడు. అక్క కొంగుతో కళ్ళు తుడుచుకుంది. "ఇన్నేండ్లు ఆయప్ప ఈడనే ఉండాడు, ఒక్క పలుకు సక్కెర ల్యాకుండా... ఇంత సిగ్గేందిరా నీకు?" సంచిలోంచి దర్గా కోసం తెచ్చిన పొట్లం తీసి సగం నా దోసిట్లో పోసింది. "పో, పెట్టి రాపో."

పోతే ఏముంది... అక్కడ గుమ్మటాలు మూడు! నాకు గుర్తున్నది ఆ గూడు ఒక్కటే. మొదటి దాంట్లో గూడు లేదు. నడిమి దానికి ఇనుప గేటు, తాళం. లోపల చీకటి, నా కళ్ళకు ఏమీ ఆనలేదు. మూడోదాని వైపు కాలు తీశానో లేదో... హారన్ మీద హారన్. నడిమిదే కొంచెం పెద్దగా కనపడింది. కమ్మీల సందులోంచి చేయి పెట్టి గడప మీద చక్కెర పోసి, ఎక్కం తప్పు లేకుండా చెప్పి వచ్చాను.

"అదేనా?" అంది అక్క.

"అదే" అన్నాను.

అరవై ఏళ్ళ బరువు దించుకున్న చోటే ఇంకోటి ఎత్తుకున్నాను.

ఆ కాలంలో గోరీలకు గేట్లు లేవు, తాళాలు లేవు. పొట్లం పట్టుకుని చిన్నపిల్లవాడు పోయినా అడ్డం లేదు. ఇప్పుడు ఇంటి ముందరికి కారు వస్తుంది... పది నిమిషాలు టైమిస్తుంది.

మీలోనూ ఎవరైనా చిన్నప్పుడు ఇలాంటిది చేసి దాచుకుని ఉంటే రాయండి. కానీ ముందు నాదొకటి... ఆదోని వాళ్ళెవరైనా అటు పోతే, నడిమి గోరీ తల పక్కన గోడలో దీపం గూడు ఉందో లేదో కాస్త చూసి చెప్పండి. లేకపోతే మూడో దాంట్లో చూడండి. అక్క మొక్కు తీరిపోయిందని ఊరంతా చెప్పుకుంటోంది. ఆమెకు డెబ్బై ఐదు దాటాయి... జవాబు తొందరగా రాయండి.