కేసు షీటు మీద ఒక టిక్కు

రిటైర్మెంటుకు ఇంకా నాలుగేళ్లు ఉందనగా, ఒక జూన్ నెల మొదటి సోమవారం నన్ను ప్రసూతి వార్డు నుంచి ఆడవాళ్ల సర్జికల్ వార్డుకు ఇన్‌ఛార్జ్ సిస్టర్‌గా మార్చారు. కేజీఎఫ్‌లో అంటే కోలారు బంగారు గనుల ఊళ్లో, మాది మధ్యరకం ఆసుపత్రి. ఇన్‌ఛార్జ్ సిస్టర్ అంటే స్టాఫ్ నర్సులకు పైన, నర్సింగ్ సూపరింటెండెంటుకు కింద. మందుల బీరువా తాళం, డ్యూటీ పట్టిక, ఆపరేషన్‌కు వెళ్లే రోగిని తయారుచేసి పంపడం, అన్నీ ఆవిడ నెత్తినే ఉంటాయి. ఏదైనా తప్పు జరిగితే అది కూడా.

అంతకు ముందు పద్దెనిమిదేళ్లు నేను బాలింతల మధ్యే గడిపాను. పాలు పడలేదని ఏడ్చేవాళ్లకు ధైర్యం చెప్పడం, రొమ్ము గడ్డకట్టి జ్వరం వచ్చినవాళ్లకు కాపడం పెట్టించడం నా పని. అలాంటి నా దగ్గరికి, కొత్త వార్డులో చేరిన రెండో వారమే, గురువారం నాడు, రొమ్ములు తగ్గించే ఆపరేషన్ కోసం ఒక మనిషి వచ్చి చేరింది. నాకు ఏమనుకోవాలో తెలియలేదు. ఇదేదో సోకు కోసం చేయించుకునే ఆపరేషన్ అని లోపల కాస్త చిన్నచూపు కూడా ఉండింది. దాచడం ఎందుకు, ఉండింది.

ఆమె పేరు విమల. వయసు ముప్ఫై ఆరు. తాత నంగలి పక్క పల్లె నుంచి గనుల్లో పనికి వచ్చినవాడు. ఈమె ఛాంపియన్ రీఫ్స్ గని కార్మికుల ఇళ్ల లైన్లలోనే పుట్టి పెరిగింది. రోజూ తెల్లవారకముందే మారికుప్పంలో రైలెక్కి బెంగుళూరులో ఒక బట్టల ఫ్యాక్టరీకి పోయి వచ్చేది. ఇద్దరు పిల్లలు, ఇక చాలని కుటుంబ నియంత్రణ ఆపరేషన్ కూడా అయింది. భర్త లారీ డ్రైవరు. నీ ఇష్టం అని చెప్పి ట్రిప్పు మీద వెళ్లిపోయాడట. తోడుగా తల్లి రాజమ్మ వచ్చింది.

చేరిన రోగితో మాట్లాడి కేసు షీటు నింపడం మొదటి పని. నేను అడిగాను, రాజమ్మ చెప్పింది. మెడ నొప్పి పదేళ్లుగా ఉందని, మెడకు పట్టీ వేశారని, కరెంటు వైద్యం చేయించారని, నూనెలు రాశారని, ఎండాకాలం వస్తే రొమ్ముల కింద మడతల్లో ఒరిసి పుండ్లు పడతాయని. విమల దుపట్టా కప్పుకుని నేల చూస్తూ కూర్చుంది. సిగ్గు కాబోలనుకున్నాను. మా ఊళ్లో డాక్టరు ముందు పెద్దవాళ్లు మాట్లాడడం మర్యాద, చిన్నవాళ్లు తలూపడం అలవాటు. నేను గుండ్రటి అక్షరాలతో అన్నీ రాసి, టిక్కులు పెట్టాల్సిన చోట పెట్టి సంతకం చేశాను. బీపీ చూడడానికి చొక్కా చెయ్యి పైకి జరిపినప్పుడు మాత్రం భుజం మీద లోపలి బట్ట పట్టీ కోసుకుపోయిన గాడి కనిపించింది. వేలు పెడితే కుదురుకునేంత లోతు. నా చిన్నచూపు అక్కడే సగం పోయింది.

ఈ ఆపరేషన్ చేసేది బెంగుళూరు నుంచి పదిహేను రోజులకోసారి వచ్చే ప్లాస్టిక్ సర్జన్ డాక్టర్ సుధీంద్ర. ఆయనకు మంగుళూరులో ఉద్యోగం కుదిరింది. ఆ శనివారంతో మా ఆసుపత్రికి రావడం ఆఖరు. విమలకు ఆ రోజు కాకపోతే ఇక్కడ ఇక కాదు. బెంగుళూరు పెద్దాసుపత్రిలో చేరడానికి అన్ని రోజులు సెలవు పుట్టదు, పిల్లల్ని చూసేవాళ్లూ లేరు.

శుక్రవారం సాయంత్రం ఆయన వచ్చి తల్లీకూతుళ్లకు అంతా వివరించాడు. నాకూ అది పాఠమే. ముందే స్కానింగ్ చేయించి గడ్డలేమీ లేవని చూసుకోవాలి. రక్తం పలచబరిచే మాత్రలు వాడుతుంటే డాక్టరుకు చెప్పాలి, పొగ తాగేవాళ్లు మానాలి, షుగరు అదుపులో ఉండాలి. పూర్తి మత్తు ఇస్తారు, మూడు నాలుగు గంటలు పడుతుంది. చనుమొన చుట్టూ, అక్కడి నుంచి నిలువుగా కిందికి, కింది మడత వెంట అడ్డంగా కోత ఉంటుంది. చనుమొనను రక్తనాళాలతో సహా పైకి జరుపుతారు. తీసిన కండను ల్యాబుకు పంపుతారు. మచ్చలు తప్పవు, ఏడాదికి పలచబడతాయి. చనుమొనలో స్పర్శ తగ్గవచ్చు, పోనూ పోవచ్చు. ఇక ముందు బిడ్డకు పాలివ్వడం కుదరకపోవచ్చు. ఫలానా కొలతే వస్తుందని ఎవరూ మాటివ్వలేరు.

తర్వాత గీతలు గీశాడు. ఈ ఆపరేషన్‌లో అదే ముఖ్యం. పడుకుంటే రొమ్ము పక్కలకు జారిపోతుంది కాబట్టి మనిషిని నిటారుగా నిలబెట్టి, చర్మం మీద రంగు పెన్నుతో ఎక్కడ కోయాలో ముందే గీసుకుంటారు. మగ డాక్టరు కాబట్టి నేను పక్కనే ఉండాలి, ఉన్నాను. రాజమ్మ కూడా ఉంది. ఎంతవరకు తగ్గించమంటావు అని ఆయన అడిగితే రాజమ్మే అందుకుంది.

"స్వల్పం చాలు సార్. చూసినోళ్లకు తెలియకూడదు."

ఆయన విమల వైపు చూశాడు. విమల తలూపింది. ఆయన గీశాడు. పోతూపోతూ గీతలు చెరగకుండా చూడమని నాతో చెప్పాడు. అప్పుడే ఆరో నంబరు పడకలో డ్రిప్పు పక్కకు పోయి చెయ్యి వాచిందని పిలిస్తే, సరే సార్ అంటూ అటు పరుగెత్తాను.

శనివారం పొద్దున ఏడున్నరకు థియేటర్‌కు పంపే ముందు చెక్ లిస్టు పట్టుకుని పరదా వేసి గౌను విప్పి చూశాను. గీతలు లేవు. చర్మం ఎర్రగా కందిపోయి ఉంది, అక్కడక్కడ నీలిమరక తప్ప ఏమీ లేదు.

మొదట గుర్తొచ్చింది నా తప్పే. ఆపరేషన్ రోగులందరికీ ఒక అచ్చు కాగితం ఇస్తాం. రాత్రి ఒకసారి, పొద్దున ఒకసారి మందు సబ్బుతో ఒళ్లంతా రుద్ది స్నానం చేయాలని అందులో ఉంటుంది. రాత్రి చేయాల్సిన స్నానం ఈమె సాయంత్రం గీతలకు ముందే చేసేసింది. పొద్దున స్నానం అనే వరసను నేను కొట్టెయ్యాలి, కొట్టెయ్యలేదు. కానీ సబ్బుతో ఒక్క స్నానానికి ఆ రంగు ఇంత శుభ్రంగా పోదే. కూతురు స్నానాల గదిలో చాలాసేపు ఉండిందని రాజమ్మ చెప్పింది. అంతా మంచే జరగాలని తను కురుడుమలె వినాయకుడికి మొక్కుకుందట, ఈ ఆపరేషన్ వద్దని ఆయనే తుడిచేశాడేమో అని కూడా అంది. మత్తు డాక్టరుకు సంగతి తెలిసి, రోగికి మనసు కుదరనట్టుంది, కేసు వాయిదా వేద్దాం అన్నాడు. ఒక్కొక్కరిదీ ఒక్కో మాట. విమల మాత్రం గౌను ముడులు తిరిగి కట్టుకుంటూ ఉండింది.

డాక్టర్ సుధీంద్ర కోప్పడలేదు. మళ్లీ గీయడం పది నిమిషాల పని, కానీ ఇష్టంలేని మనిషిని కోయను అన్నాడు. నన్ను ఒకే ప్రశ్న అడిగాడు. సిస్టర్, ఆమెకు ఇష్టమేనా? కనుక్కుని చెబుతాను సార్ అన్నాను. రెండు రోజులు ఆమె పక్కనే ఉన్నాను. ఆమె గురించి నాకు తెలిసిందంతా రాజమ్మ చెప్పిందే.

రాజమ్మను కాఫీ తాగి రమ్మని కిందికి పంపాను. పరదా వేసి మంచం అంచున కూర్చుని, కాగితంలో ఆ వరస కొట్టెయ్యనిది నేనే, నీ తప్పేమీ లేదని విమలతో చెప్పాను. అప్పుడు చెప్పింది.

"కాగితంలో ఉండాదని సోపు పూసుకొన్నాను సిస్టరమ్మా. గీతలు పోతా ఉండేది కనబడింది. అప్పుడు నిలపాల కదా, నిలపలేదు. ఇంగా గట్టిగా రుద్దినాను. ఎందుకో నాకే తెలీదు."

ఆపరేషన్ వద్దా అని అడిగాను.

"వద్దని యాడ చెప్పినాను? ఆ గీతలు మా అమ్మ చెప్పిన కొలతకి గీసినారు. అంత మాత్రానికి ఇంత కోత ఎందుకు అనిపించింది. నన్ను ఎవురూ అడగలేదు. మీరు కూడా అడగలేదు."

నాకు చెంప మీద కొట్టినట్టయింది. మరి నీకేం కావాలమ్మా అన్నాను. కొలతలు చెబుతుందనుకున్నాను.

"ట్రైను కూత పెట్టిందంటే, చెయ్యి అడ్డం పెట్టుకోకుండా పరిగెత్తాల. అంతే."

డాక్టరును పిలిచి ఆ మాటే చెప్పమన్నాను, చెప్పింది. మా నర్సుల గదిలో అద్దం ఊడదీసి తెచ్చి ఆమె ముందు పట్టుకున్నాను. ఆయన మళ్లీ గీశాడు. ఈసారి తలూపుడు ఒప్పుకోలేదు, ప్రతి గీతకీ నోటితో చెప్పించాడు. ఒకచోట ఆమె ఇంకా తగ్గించమంది. అంతకంటే తగ్గిస్తే చనుమొనకు రక్తం అందదని ఆయన వివరిస్తే ఒప్పుకుంది. కాఫీ తాగి వచ్చిన రాజమ్మ పరదా బయటే నిలబడింది. నేను లోపలికి రానివ్వలేదు. మత్తు డాక్టరు కూడా విమలతో విడిగా మాట్లాడి, వాయిదా మాట వెనక్కి తీసుకున్నాడు.

ఆపరేషన్ సాఫీగా జరిగింది. కోలుకోవడం మాత్రం నేననుకున్నట్టు లేదు. మొదటి రెండు రోజులు లోపలి నీరు, రక్తం బయటికి రావడానికి రెండు వైపులా సన్నటి గొట్టాలు ఉన్నాయి. మూడో రోజు గొట్టాలు తీశాక, నొప్పి తగ్గుతుండగా, వెక్కి వెక్కి ఏడ్చింది. ఎందుకని అడిగితే తెలియదంది. ప్రసూతి వార్డులో బాలింతలకు కానుపైన మూడో రోజు ఊరికే వచ్చే ఏడుపు నాకు బాగా తెలుసు, ఇక్కడ ఎదురుచూడలేదు. మంచం దిగేటప్పుడు అలవాటుగా రొమ్ము కింద చెయ్యి పెట్టబోయేది. అక్కడ పట్టుకోవడానికి ఏమీ లేక చెయ్యి అట్లాగే ఆగిపోయేది. తన ఒళ్లు తనకే కొత్తగా ఉందని అంది.

ఇంటికి పంపేటప్పుడు, అడిగేవాళ్లకు ఇప్పటికీ నేను చెప్పేవే చెప్పాను. డాక్టరు చాలనేవరకు, మామూలుగా ఆరు వారాలు, తీగలు లేని బిగుతైన లోపలి బట్ట రాత్రింబవళ్లు వేసుకోవాలి. తల కింద దిండ్లు ఎత్తు పెట్టుకుని వెల్లకిలా పడుకోవాలి. నీళ్ల బిందె ఎత్తకూడదు, పిల్లల్ని ఎత్తకూడదు, చేతులు తలపైకి లేపి బట్టలు ఆరేయకూడదు. తేలిక పనికి రెండు మూడు వారాల్లో పోవచ్చు. వాపు నెలల తరబడి దిగుతూ ఉంటుంది కాబట్టి ఆకారం చూసి ముందే దిగులు పడకూడదు. జ్వరం వచ్చినా, ఒక పక్క ఉన్నట్టుండి ఉబ్బినా, చీము పట్టినా, చనుమొన నల్లబడినా ఆ క్షణమే రావాలి. నిలువు కోత, అడ్డం కోత కలిసేచోట చర్మం మీద లాగుడు ఎక్కువ, అక్కడ కొంచెం విడిపోవడం మామూలు. విమలకు రెండో వారంలో అట్లాగే విడిపోతే, కట్లు మారుస్తూ నెల రోజుల్లో మాన్పించాం.

మూడు నెలలకు మా జనరల్ సర్జన్ దగ్గరికి చూపించుకోవడానికి ఇద్దరూ వచ్చారు. ఎట్లా ఉందని ఆయన అడగగానే రాజమ్మ నోరు తెరిచింది. తెరిచి, కూతురి వైపు చూసి మూసుకుంది. విమల చెప్పింది. మెడ నొప్పి పోయిందట. ఎడమ పక్క ఇంకా తిమ్మిరిగా ఉందట. నిన్న రైలుకు పరిగెత్తిందట.

"చెయ్యి మాత్రం ఇంగా అడ్డమే పోతుంది సార్. అది మరవలేదు."

వాళ్లు వెళ్లాక రికార్డు రూముకు తిరిగి పంపడానికి ఫైలు నా బల్ల మీదికి వచ్చింది. మొదటి పేజీ తిప్పాను. నా గుండ్రటి అక్షరాలు. మెడ నొప్పి పదేళ్లు, పుండ్లు, నూనెలు, అన్నీ రాజమ్మ మాటలే. పైన 'సమాచారం ఇచ్చినవారు' అనే గడి ఉంటుంది. 'స్వయంగా' అని ఒకటి, 'బంధువు' అని ఒకటి. నేను టిక్కు పెట్టింది 'స్వయంగా' అన్నదానికి.

కేసు షీటులో రాసినదాన్ని చెరపకూడదు, పైన కాగితం అంటించకూడదు. తప్పయితే చదవడానికి వీలుగా ఒకే గీత కొట్టి, సరైనది పక్కన రాసి, తేదీ వేసి సంతకం చేయాలి. అట్లాగే చేశాను. 'స్వయంగా' మీద గీత కొట్టి పక్కన 'తల్లి' అని రాశాను. అంతకు ముందు నేను నింపిన షీట్లన్నీ రికార్డు రూములో ఉన్నాయి. వాటిలో ఎన్నింటికి ఆ గీత కొట్టాలో నాకు తెలియదు. రిటైరయ్యేదాకా మిగిలిన నాలుగేళ్లూ ఆ గడిని అన్నిటికంటే చివర నింపాను, తోడు వచ్చినవాళ్లను బయటికి పంపాక.