మా ఆవిడ ఫోన్‌కి వచ్చిన ఫిజిక్సు పాఠం

ఆ అమ్మాయిని చూస్తే నాకు ఒళ్ళు మండిపోయేది. దాచుకోవడం దేనికి, అది అసూయే. రాజాంలో నా దగ్గరే ఇంటర్ ఫిజిక్సు చదివి, మా కాలేజీలోనే లెక్చరరుగా చేరింది. ప్రిన్సిపాల్ గారు ఆన్‌లైన్ కోర్సు పెడతామన్నారు. ఇద్దరూ చెరో నాలుగు పాఠాలు చేయండి, పిల్లలు ఎవరివి ఎక్కువ చూస్తే కోర్సు వాళ్ళదే అన్నారు. ఇరవై ఏళ్ళ సర్వీసున్న నాకు ఆమెతో పోటీ!

నేను సిలబస్ ముందేసుకుని, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, ఒక్కో పాఠం గంట చొప్పున దంచేశాను. క్లాసులో మన యాస మాట్లాడితేనే పిల్లల్ని కసిరేవాణ్ణి, ఇక కెమెరా ముందు నా తెలుగు రేడియో వార్తలే. ఆ అమ్మాయి మాత్రం ముందు పిల్లల్ని కూర్చోబెట్టి, ఏది అర్థం కావడం లేదో అడిగి రాసుకుంది. ఆ ప్రశ్నలకే పాఠాలు కట్టింది. ఒక్కోటి ఎనిమిది నిమిషాలు, చివర ఒక ప్రశ్న. జవాబు రాసిన ప్రతివాళ్ళకీ తనే వాయిస్ మెసేజ్ పెట్టేది.

వారం తిరిగేసరికి నా పాఠాలు చూసేవాళ్ళు పదిమంది లేరు. స్టాఫ్‌రూంలో ఎవరైనా ఆమెను మెచ్చుకుంటే నా నోట్లో టీ చేదెక్కేది. ఏదో ఒక తప్పు పట్టుకుని ప్రిన్సిపాల్ ముందు పెట్టాలని, మా ఆవిడ పేరుతో, ఆవిడ నంబరుతో ఆమె పాఠాలకి చేరాను. ఆ పేరు ఆ అమ్మాయికి తెలియదు.

"నాగావళిలో పీకల్లోతు దిగితే ఒళ్ళు తేలికైపోతాది. ఎందుకో సెప్పండి" అని మొదటి పాఠం చివర అడిగింది. యాసలో పాఠమా అని పళ్ళు నూరుకుంటూ సూత్రం రాసి పంపేశాను.

మర్నాడు పొద్దున్న వంటింట్లోంచి ఆ అమ్మాయి గొంతు వినిపించింది. వెళ్ళి చూస్తే మా ఆవిడ ఫోన్ పట్టుకుని వింటోంది.

"అక్కా, సూత్రం కరెక్టుగా రాసినావు. ఎందుకో మాత్రం రాయలేదు. నీ తప్పు కాదులే. మా సారు కూడా సూత్రమే సెప్పీవోరు, ఎందుకో సెప్పీవోరు కాదు. ఖాళీ సెంబుని బకెట్టు నీళ్ళలోకి నొక్కి సూడు. నీ సెయ్యిని పైకి తోస్తన్నదేటో నీకే తెలుస్తాది."

ఆ సారు నేనే. తిట్టినా బాగుండేది. ఆ గొంతులో కోపం కూడా లేదు.

"ఏటండీ ఇది, ఈ పిల్ల నాకెందుకు సెప్తన్నాది?" అని అడుగుతూనే మా ఆవిడ చెంబు తీసుకుని బకెట్లోకి నొక్కింది. ఒకసారి కాదు, మూడుసార్లు నొక్కి చూసింది.

"నిజమేనండీ, తోసేస్తన్నాది. ఇన్నేళ్ళ నుంచీ ఫిజిక్సు సెప్తన్నారు గదా, నాకెప్పుడూ ఇది సూపించలేదేటి?" అంది.