కొబ్బరికాయల బస్సు ఆట

నిన్న పొద్దున మా అన్న కోయంబత్తూరు నుంచి ఫోన్ చేసి, తన కూతురు మంచి కంపెనీ ఉద్యోగం వదిలేసి, ఇంట్లో కూర్చుని ఒక్కతే కంప్యూటర్ ఆటలు తయారు చేస్తానంటోందని, ఆ దారిన పోయి దెబ్బ తిన్నవాణ్ణి గనుక నేనే దానికి నచ్చజెప్పాలని అన్నాడు. సరేనన్నాను గానీ, ఆ పిల్ల నంబరు నొక్కడానికి వేలు కదల్లేదు. మదురై పక్కన తిరుమంగళంలో గడిచిన ఒక మధ్యాహ్నం మనసులోకి వచ్చి కూర్చుంది.

మన ఈడువాళ్ళకు గుర్తుండే ఉంటుంది, చెప్పులు బయట విడిచి కంప్యూటర్ దగ్గరికి పోయిన రోజులవి. నేను మిల్లులో ఉద్యోగం మానేసి, పొల్లాచ్చిలో మా ఇంట్లోనే రెండేళ్ళు కూర్చుని ఒక ఆట చేశాను. సంతలో బస్సు టాపు మీద కొబ్బరికాయలు పేర్చుకుని, ఒక్కటీ దొర్లిపోకుండా కోయంబత్తూరు చేర్చాలి, అంతే ఆట. బొమ్మలన్నీ నేనే గీశాను. హారన్ మోత కోసం టేపురికార్డరు పట్టుకుని బస్టాండులో నిలబడితే కండక్టర్లు నన్నొక పిచ్చివాణ్ణి చూసినట్టు చూశారు. ఆ రెండేళ్ళూ ఇల్లు నడిచింది నా భార్య టీచరు ఉద్యోగం మీదే. ఆమె ఒక్క మాటా అనలేదు, అనకపోవడమే నాకు బరువుగా ఉండేది. సీడీలు చేసి షాపులకిస్తే ఎవరూ కొనలేదు. అమ్మ కూడా ఆ రోజుల్లోనే పోయింది. చివరికి మా మేనమామ మోటారు పంపుల కంపెనీలో చేరి, ఆర్డర్ల కోసం ఊరూరా తిరగసాగాను.

అలా ఏడాది తిరిగాక, ఒకసారి తిరుమంగళంలో మెయిల్ పంపడానికి బ్రౌజింగ్ సెంటర్‌లోకి వెళ్ళాను. పక్క కంప్యూటర్ దగ్గర ముగ్గురు కాలేజీ అమ్మాయిలు ఒకరి మీద ఒకరు పడి నవ్వుతున్నారు. తెర మీద నా బస్సు, నా కాయలు, నా హారన్. చేసినవాడి పేరు మాత్రం నేనెన్నడూ వినని ఎవడిదో. అంతకన్నా నన్ను నివ్వెరపరచింది, కోపానికి ముందే నాలో పొంగిన సంతోషం.

సెంటర్ నడిపే ఆవిడ ఎవరితోనో ఫోన్లో తమిళనాట మన ఇళ్ళల్లో మాట్లాడే తెలుగులో మాట్లాడుతుంటే విని, ఆ ఆట నాదని ఆమెకు చెప్పాను. మదురైలో కొన్న వంద ఆటల సీడీలో అదీ వచ్చిందని చెప్పి, ఆవిడ నన్నూ నా చేతిలోని పంపుల క్యాటలాగునూ మార్చి మార్చి చూసింది.

“ఆట మీదయితే, మీరెందుకణ్ణా మోటార్లు అమ్ముకుంటా తిరగతా ఉండారు?”

అందులో ఎగతాళి లేదు, నిజంగానే తెలియక అడిగింది. ఆట నాదేననడానికి నా దగ్గర రుజువు ఒకటి ఉంది. అమ్మాయిలనడిగి కీబోర్డు తీసుకుని, నా భార్య పేరులోని అక్షరాలు వరసగా నొక్కాను. అలా నొక్కితే బస్సులోని ముసలామె మాట్లాడేట్టు ఎప్పుడో సరదాకి పెట్టాను, ఆట కాజేసినవాడికి ఆ సంగతి తెలియదు. నాదని చూపించాలన్న తొందరలో, ఆ గొంతు ఎవరిదో నాకే తలపుకు రాలేదు.

“మెల్లంగా పోనీపా, కాయలు పడిపోతాయి.”

పోయి ఏడాదైన మా అమ్మ, ఆ డొక్కు స్పీకర్లోంచి. అమ్మాయిలకు తమిళం తప్ప రాదు గనుక వాళ్ళు నవ్వుతూనే ఉన్నారు. ఆవిడ నవ్వలేదు. ఆ గొంతు ఎవరిదని అడిగితే చెప్పాను.

“ఇంకొక తూరి వినిపించండణ్ణా,” అంది. “మా అవ్వ ఇట్లే మాట్లాడేది.”

మళ్ళీ నొక్కాను.

తెర మీద కనబడ్డ ఆ పేరుగలవాడి కోసం మదురై షాపులన్నీ వెతికాను, దొరకలేదు. నా భార్య అంతా విని, ఉద్యోగమూ మానొద్దు, ఆటలూ మానొద్దు అని మాత్రం అంది. అలాగే పంపులు అమ్ముతూ, తెల్లవారుజామున లేచి ఇంకో రెండు ఆటలు చేశాను. అవీ ఎవరూ కొనలేదు. ఇప్పుడు వాటిని నడిపే యంత్రాలే లేవు.

ఈ సాయంత్రం మా అన్న కూతురికి ఫోన్ చేశాను గానీ, బుద్ధులేమీ చెప్పలేదు. తన ఆటలు మనం పేర్లు కూడా వినని దేశాలకు పోతాయని, తన పేరు ఎవరూ చెరపలేరని ఆ పిల్ల ఉత్సాహంగా చెప్పింది. ఆడేవాళ్ళు కనబడతారా అని అడిగితే, ఎంతమంది ఆడారో అంకె వస్తుందట. మంచిదే. మా కాలంలో నా పేరైతే నిలవలేదు గానీ, నేను చేసిన దాన్ని ఆడుతూ ముగ్గురు అమ్మాయిలు విరగబడి నవ్వడం చేతికందేంత దగ్గర నిలబడి చూశాను. ఆ పిల్లకు అంకెలే గానీ ఆ నవ్వు దొరకదేమోనని, ఫోన్ పెట్టేశాక చాలాసేపు దిగులేసింది.